ఐటీఎస్ సీక్వెన్స్‌కి మూడు పేర్లు 99% పైన వచ్చాయి, రిపోర్టులో ఏది రాయాలి?

కోస్తా_మైక్రో | సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఒక కేసు దగ్గర ఇరుక్కున్నాను, సలహా కావాలి.

కిడ్నీ మార్పిడి అయిన పేషెంట్. జ్వరం, దగ్గు, సీటీలో కుడి ఊపిరితిత్తిలో నాడ్యూల్. బీఏఎల్ (ఊపిరితిత్తి కడిగి తీసిన ద్రవం) మాకు పంపారు. కేవోహెచ్ స్లైడులో సెప్టేట్ హైఫే (అడ్డగోడలున్న బూజు పోగులు) కనిపించాయి. ఎస్‌డీఏ ప్లేటు (బూజు పెంచే అగార్) మీద తెల్లగా దూదిలా లేచింది, మధ్యలో మాత్రం కాస్త బూడిద కలిసిన ఆకుపచ్చ. ఎల్‌పీసీబీ (నీలి రంగు) మౌంట్‌లో వెతగ్గా వెతగ్గా స్పోర్లు మోసే తలలు రెండు మూడు దొరికాయి. చిన్న వెసికిల్ (తల ఉబ్బు), ఒకే వరస ఫియలైడ్లు (స్పోర్లు పుట్టే కణాలు), అవీ పై సగంలోనే. ఆస్పర్‌జిల్లస్ ఫ్యూమిగేటస్ వాటమే. కానీ మామూలు ఫ్యూమిగేటస్ మూడు నాలుగు రోజులకే ప్లేటంతా స్పోర్లతో నింపేస్తుంది కదా. ఇది వారం దాటినా తెల్లగానే ఉంది. బ్రాత్ మైక్రోడైల్యూషన్‌లో వొరికొనజోల్ (ఫంగస్ మందు) ఎమ్‌ఐసీ, అంటే పెరుగుదల ఆపే కనీస మోతాదు, 4.

మా దగ్గర మాల్డీ (ప్రోటీన్లని బట్టి జాతి చెప్పే యంత్రం) లేదు. డీఎన్‌ఏ తీసి, బూజు జాతి గుర్తించడానికి వాడే ఐటీఎస్ అనే ముక్కని ఐటీఎస్1, ఐటీఎస్4 ప్రైమర్లతో పీసీఆర్ చేసి, సీక్వెన్సింగ్‌కి బయటికి పంపాం. బ్లాస్ట్‌లో (సీక్వెన్స్‌ని డేటాబేస్‌తో పోల్చే ప్రోగ్రామ్) వేస్తే ఫ్యూమిగేటస్, లెంటులస్, ఫ్యూమిగాటియాఫినిస్ మూడూ 99% పైనే. "పైన ఏ పేరుంటే అది రాసెయ్" అని ఒకరు, "ఆస్పర్‌జిల్లస్ స్పీషీస్ అని రాసి వదిలెయ్" అని ఇంకొకరు. నాకు రెండూ మనసొప్పడం లేదు. ఏం చేయాలి?

ప్లేటుచూసేవాడు | సోమవారం, రాత్రి 9:50

మనసొప్పకపోవడం మంచిదే. పై పేరు రాయకండి.

సీక్వెన్స్ సంగతి తర్వాత, ముందు నావి రెండు ప్రశ్నలు. ఒకటి, 50 డిగ్రీల దగ్గర పెట్టి చూశారా? రెండు, వారం తర్వాత కూడా తెల్లగా ఉన్నది మొదటి ప్లేటేనా, సబ్‌కల్చర్ కూడానా?

ఫ్యూమిగేటస్ 50 డిగ్రీల దగ్గర హాయిగా పెరుగుతుంది. లెంటులస్ 48 దగ్గరే చేతులెత్తేస్తుంది. రెండు ప్లేట్లు, ఒక ఇన్‌క్యుబేటర్, అంతే ఖర్చు. డీఎన్‌ఏ వచ్చాక మనవాళ్లు ఈ పరీక్షల్ని మర్చిపోయారు. కాలనీ స్పోర్లు వేయకుండా మొరాయిస్తోంది, ఎమ్‌ఐసీ ఎక్కువగా ఉంది అన్న రెండు సంగతులూ కలిస్తే నాకు మొదట తట్టే పేరు లెంటులసే. 2005లో దాన్ని కొత్త జాతిగా వర్ణించినప్పుడు కూడా కథ ఇదే. స్పోర్లు సరిగ్గా వేయని, మందులకు అంతగా లొంగని "ఫ్యూమిగేటస్" ఐసోలేట్లను విప్పి చూస్తే అవి వేరే జాతి అని తేలింది.

పీసీఆర్_పిచ్చోడు | సోమవారం, రాత్రి 10:31

ఐటీఎస్ ఎందుకు ఆగిపోయిందో నేను చెప్తాను, సార్ అనుమతిస్తే.

ఐటీఎస్ అంటే రైబోజోమ్ జీన్ల మధ్య ఉండే ఖాళీ జాగా. ఒక పక్క 18ఎస్, మరో పక్క 28ఎస్, మధ్యలో 5.8ఎస్. మనం వాడే ఐటీఎస్1, ఐటీఎస్4 ప్రైమర్లు 1990 నాటివి, ఇప్పటికీ అవే నడుస్తున్నాయి. ఈ జీన్లు ఒక్కో కణంలో పదుల కొద్దీ కాపీలు ఉంటాయి కాబట్టి డీఎన్‌ఏ కొంచెమే ఉన్నా పీసీఆర్ పడుతుంది. 2012లో ఫంగస్‌లన్నిటికీ అధికారిక బార్‌కోడ్‌గా దీన్నే ప్రతిపాదించారు. మ్యూకొరేల్స్‌కి (బ్లాక్ ఫంగస్ గుంపు), డెర్మటోఫైట్లకి (తామర తెచ్చేవి), ఇంకా చాలా వాటికి ఇది చాలు.

ఆస్పర్‌జిల్లస్‌లో మాత్రం ఐటీఎస్ సెక్షన్ (దగ్గరి జాతుల గుంపు) వరకే తీసుకెళ్తుంది. మీ కేసులో అది చెప్పాల్సింది చెప్పేసింది, "సెక్షన్ ఫ్యూమిగాటి" అని. ఆ లోపల విడదీయాలంటే ప్రోటీన్ జీన్లకు వెళ్లాలి, వాటి ఇంట్రాన్లలో (ప్రోటీన్‌గా మారని ముక్కల్లో) తేడాలు ఎక్కువ. కాల్‌మోడ్యులిన్ లేదా బీటా ట్యూబ్యులిన్. ఆస్పర్‌జిల్లస్ మీద పనిచేసే వర్గీకరణ నిపుణులు 2014లో కాల్‌మోడ్యులిన్‌నే రెండో గుర్తుగా సిఫార్సు చేశారు. బీటా ట్యూబ్యులిన్‌తో చిన్న తలనొప్పి ఉంది. కొన్ని జాతుల్లో, ముఖ్యంగా నల్ల ఆస్పర్‌జిల్లస్‌లలో, బెన్‌ఏ (మనకు కావాల్సిన బీటా ట్యూబ్యులిన్ జీన్) బదులు దాని అన్నదమ్ముడు ట్యూబ్‌సీ పడే ప్రమాదం ఉంది. చూసుకోకపోతే సీక్వెన్స్ బాగానే వస్తుంది, పేరు మాత్రం ఎక్కడికో పోతుంది.

ఫ్యుజేరియం అయితే మళ్లీ వేరే. అక్కడ టెఫ్1, ఆర్‌పీబీ2. ఏ జాతికి ఏ జీన్ అన్నది ప్లేటు చూసే నిర్ణయించుకోవాలి. అందుకే సార్ ముందు ప్లేటు సంగతి అడిగారు.

సందేహాల_సాంబయ్య | మంగళవారం, ఉదయం 7:05

పొద్దున్నే కాఫీతో పాటు చదివాను. అందరూ పెద్దవాళ్లే, కానీ ఒక్క మాట. ఇదంతా పేషెంట్‌కి దేనికి? ఆస్పర్‌జిల్లస్ అంటే వొరికొనజోల్ ఇస్తారు. ఎమ్‌ఐసీ 4 వచ్చింది కాబట్టి మందు మారుస్తారు. ఎమ్‌ఐసీ చేతిలో ఉన్నాక ఆ బూజు పేరు లెంటులస్ అయితేనేం, లచ్చయ్య అయితేనేం? నాది చిన్న ప్రైవేటు ల్యాబ్. రోజుకు పది ఫంగల్ కల్చర్లు వస్తాయి. ఒక్కోదానికి రెండు జీన్లు, రెండు వైపులా సీక్వెన్సింగ్ అంటే బిల్లు ఎవరు కడతారు?

ప్లేటుచూసేవాడు | మంగళవారం, ఉదయం 8:20

సాంబయ్య గారూ, పదింటికీ చేయమని ఎవరన్నారు? పదిలో ఎనిమిది మీరు కళ్లతో చెప్పేస్తారు. ఫ్లేవస్‌కి, నైజర్‌కి సీక్వెన్సింగ్ పెట్టడం డబ్బు దండగ.

ఎమ్‌ఐసీ ఉంటే పేరెందుకు అన్నదానికి వద్దాం. వొరికొనజోల్ 4 అని రాగానే మనకు తట్టే కారణాలు రెండు. ఒకటి, ఇది నిజంగా ఫ్యూమిగేటసే, వొరికొనజోల్ లాంటి అజోల్ మందులు పనిచేసే చోటైన సీవైపీ51ఏ జీన్‌లో మార్పు వచ్చింది. టీఆర్34, ఎల్98హెచ్ అన్న మార్పుల జోడీ మన దేశంలో కూడా 2012 నుంచి రిపోర్టవుతోంది, పొలాల్లో చల్లే అజోల్ మందులతో దానికి సంబంధం ఉందని అందరూ ఒప్పుకున్నదే. రెండు, ఇది అసలు వేరే జాతి, పుట్టుకతోనే దీని మీద అజోల్ అంతగా పనిచేయదు. మొదటిదైతే యాంఫోటెరిసిన్ మీద ధైర్యంగా వెళ్లొచ్చు. లెంటులస్ అయితే యాంఫోటెరిసిన్ ఎమ్‌ఐసీ కూడా ఎక్కువగానే ఉండొచ్చు. అంటే వొరికొనజోల్ ఆపి యాంఫోటెరిసిన్‌కి మార్చినంత మాత్రాన పని అయిపోలేదు. ఆ ఒక్క అంకె చూసి డాక్టర్ మందు మారిస్తే రెండోసారి కూడా దెబ్బ తినొచ్చు.

ఇంకొకటి. ఫ్యూమిగేటస్‌కి బ్రేక్‌పాయింట్లు (ఏ ఎమ్‌ఐసీ దాటితే రెసిస్టెంట్ అనే హద్దులు) ఉన్నాయి, లెంటులస్‌కి లేవు. పేరు తెలియకుండా "రెసిస్టెంట్" అని రాస్తే ఏ కొలబద్దతో రాసినట్టు?

కోస్తా_మైక్రో | మంగళవారం, ఉదయం 8:41

సార్, 50 డిగ్రీల పరీక్ష ఈ రోజే పెడుతున్నాను. తోడుగా మా దగ్గరున్న కంట్రోల్ ఫ్యూమిగేటస్ స్ట్రెయిన్ కూడా. యాంఫోటెరిసిన్ ఎమ్‌ఐసీ ఇంకా చేయలేదు, అది కూడా పెడతాను. తెల్లగా ఉన్నది సబ్‌కల్చర్ కూడా.

టెక్సాస్_టెక్ | మంగళవారం, ఉదయం 10:15

ఇక్కడ రాత్రి దాదాపు పన్నెండు, నిద్ర రాక చూస్తున్నా. ఖమ్మం నుంచి వచ్చి ఇక్కడ ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో టెక్నాలజిస్టుగా చేస్తున్నాను. మా దగ్గర పద్ధతి చెప్తాను, మీకు ఎంత పనికొస్తుందో చూడండి.

బూజు ఏదొచ్చినా మొదట కల్చర్, స్లైడ్. తర్వాత మాల్డీ. మాల్డీ స్కోరు రాకపోతే, లేదా మాల్డీ ఒకటి చెప్పి కాలనీ ఇంకొకటి చెప్తే, అప్పుడు సీక్వెన్సింగ్. పేరు ఎలా రాయాలన్నదానికి సీఎల్‌ఎస్‌ఐ (ల్యాబ్ ప్రమాణాల సంస్థ) వాళ్ల ఎమ్‌ఎమ్18 అనే మార్గదర్శకం చేతి కిందే ఉంటుంది. మొదట 2008లో వచ్చింది, 2018లో రెండో ఎడిషన్. ఏ గుంపుకి ఏ జీన్, ఎంత పోలిక ఉంటే జాతి పేరు రాయొచ్చు, ఎక్కడ కాంప్లెక్స్ అని ఆపాలి, అన్నీ అందులో ఉన్నాయి.

సాంబయ్య గారు దేనికన్నారు కదా. 2012 సెప్టెంబరులో ఇక్కడ జరిగింది గుర్తుందా? వెన్నులో వేసే మిథైల్‌ప్రెడ్నిసొలోన్ ఇంజెక్షన్లు మసాచుసెట్స్‌లోని న్యూ ఇంగ్లండ్ కాంపౌండింగ్ సెంటర్‌లో కలుషితమై దేశమంతా పోయాయి. 750 మందికి పైగా జబ్బు పడ్డారు, 60 మందికి పైగా చనిపోయారు. టెనెసీలో మొదటి పేషెంట్‌కి వచ్చింది ఆస్పర్‌జిల్లస్ ఫ్యూమిగేటస్. ఆ తర్వాత వరసగా వచ్చినవి ఎక్సెరోహైలమ్ రోస్ట్రేటమ్. మామూలుగా గడ్డి మీద, పంట మొక్కల మీద ఉండే నల్ల బూజు అది, మెనింజైటిస్‌లో ఎవరూ ఊహించని పేరు. సీఎస్‌ఎఫ్ (వెన్ను ద్రవం)లో కల్చర్ చాలామందికి రాలేదు. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ వాళ్లు సీఎస్‌ఎఫ్ నుంచే డీఎన్‌ఏ తీసి ఐటీఎస్ సీక్వెన్స్ చేసి చాలా కేసుల్ని పట్టారు. కల్చర్‌నే నమ్ముకుని ఉంటే ఎంతమంది లెక్కలోకి రాకుండా పోయేవారో.

ఇంకో ముచ్చట, ఇది భయపెట్టడానికే చెప్తున్నా. తెల్లటి దూది బూజు వస్తే మా దగ్గర ప్లేటు బయట తెరవడం నేరం. టెక్సాస్, అరిజోనా వైపు కాక్సిడియాయిడిస్ అనే ఫంగస్ ఉంటుంది. దాని స్పోర్లు పీలిస్తే ల్యాబ్ వాళ్లే మంచాన పడతారు. ప్లేటుకి చుట్టూ టేపు, పనంతా క్యాబినెట్‌లో, డీఎన్‌ఏ తీసే ముందు వేడితో చంపడం. అమెరికా నుంచి ఊరికొచ్చిన బంధువులకి ఊపిరితిత్తుల జబ్బుంటే మీ దగ్గర కూడా ఈ జాగ్రత్త తప్పదు.

కొత్తగాచేరా | మంగళవారం, మధ్యాహ్నం 1:30

అక్కా, అన్నా, నేను ఎమ్మెస్సీ ఫైనలియర్. ప్రాజెక్టులో నల్ల బూజులకి డీఎన్‌ఏ తీస్తున్నా. జెల్ మీద డీఎన్‌ఏ కనిపిస్తోంది, పీసీఆర్ మాత్రం పడటం లేదు. తెల్లవాటికి అదే కిట్‌తో, అదే రోజు పడుతోంది. టెన్షన్‌గా ఉంది, వచ్చే నెలలో సబ్మిషన్.

పీసీఆర్_పిచ్చోడు | మంగళవారం, మధ్యాహ్నం 2:10

తమ్ముడూ, మెలనిన్. నల్ల రంగుకి కారణమైన మెలనిన్ డీఎన్‌ఏతో పాటే వచ్చేసి పీసీఆర్ నడిపే టాక్ ఎంజైమ్‌ని పట్టేసుకుంటుంది. నీ డీఎన్‌ఏ ట్యూబు పైకెత్తి వెలుతురులో చూడు, టీ రంగులో ఉందా? ఉంటే అదే.

చేయాల్సినవి: డీఎన్‌ఏని 1:10, 1:50 పలచన చేసి మళ్లీ పీసీఆర్ పెట్టు. చాలాసార్లు ఇంతటితోనే పడుతుంది. రియాక్షన్‌లో బీఎస్‌ఏ (ఒక ప్రోటీన్) కలుపు. వచ్చేసారి నుంచి కాలనీ నల్లబడేదాకా ఆగకు, రెండు మూడు రోజుల లేత బూజు అంచు నుంచి తీసుకో. బ్రాత్‌లో పెంచితే రంగు తక్కువ, హైఫే ఎక్కువ.

బూజు గోడ పగలగొట్టడం బ్యాక్టీరియా అంత తేలిక కాదు. కైటిన్, గ్లూకాన్ అడ్డం. గాజు పూసలేసి బీడ్ బీటింగ్ చేస్తే పని అవుతుంది. ద్రవ నైట్రోజన్ ఉంటే మోర్టార్‌లో నూరినా సరే. ఊరికే ఉడకబెట్టి తీసిన డీఎన్‌ఏతో అదృష్టం బాగుంటే పడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, ప్రతి బ్యాచ్‌లో ఒక ఖాళీ ట్యూబు. బూజు వేయకుండా అన్ని రియేజెంట్లూ వేసి, మొదటి నుంచి చివరి దాకా నడిపించాలి. పీసీఆర్‌లో నీళ్లు వేసే నెగటివ్ కంట్రోల్ వేరు, ఇది వేరు. బూజు స్పోర్లు గాలిలో ఉంటాయి, కొన్ని ఎంజైమ్ రియేజెంట్లలో కూడా ఫంగస్ డీఎన్‌ఏ ఉంటుంది. ఖాళీ ట్యూబులో క్లాడోస్పోరియం వచ్చిందంటే ఆ రోజు ఫలితాలన్నీ చెత్తబుట్టలోకే.

చర్మం_వరంగల్ | మంగళవారం, రాత్రి 8:44

నేను ల్యాబ్ మనిషిని కాదు, డెర్మటాలజిస్టుని. కానీ ఈ చర్చ మా ఓపీకి బాగా దగ్గరగా ఉంది.

తామర. పదేళ్ల కిందట రెండు వారాలు టెర్బినాఫిన్ ఇస్తే పోయేది. ఇప్పుడు నడుము నుంచి తొడల దాకా పాకి, ఇంట్లో అందరికీ అంటుకుని, నెలల తరబడి మందు వాడినా తిరగబెడుతోంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ కలిసిన క్రీములు దీనికి ఆజ్యం పోశాయి, అది వేరే గోల. ల్యాబ్‌కి పంపితే ఒకరు ట్రైకోఫైటాన్ మెంటాగ్రోఫైటిస్ అని, ఇంకొకరు ఇంటర్‌డిజిటేల్ అని రాస్తారు. చాలావరకు అది రెండూ కాదు, ట్రైకోఫైటాన్ ఇండోటినియే. అంతకుముందు మెంటాగ్రోఫైటిస్ ఎనిమిదో జీనోటైప్ అనేవారు. 2020లో జపాన్‌లో దీన్ని వేరే జాతిగా వర్ణించారు. టెర్బినాఫిన్ పనిచేసే స్క్వాలీన్ ఎపాక్సిడేజ్ జీన్‌లో 397వ స్థానంలో ఫెనిలాలనిన్ మారిపోయిందంటే టెర్బినాఫిన్ మీద ఆశ వదులుకోవాల్సిందే. 2023లో న్యూయార్క్‌లో కూడా కేసులు బయటపడ్డాయి.

నా ప్రశ్న: కాలనీ చూసి, మైక్రోస్కోపులో చూసి ఈ మూడింటినీ విడదీయగలరా? నాకు నికరంగా చెప్పండి, మా ఆసుపత్రిలో వాదించుకోవడానికి.

ప్లేటుచూసేవాడు | మంగళవారం, రాత్రి 9:15

నికరంగా చెప్తున్నాను మేడమ్, విడదీయలేం. యూరియేజ్, హెయిర్ పెర్ఫొరేషన్ పెట్టినా తేల్చి చెప్పలేం. ఇక్కడ ఐటీఎస్ కావాల్సిందే. ఆస్పర్‌జిల్లస్‌లో ఆగిపోయిన ఐటీఎస్ ఇక్కడ పనిచేస్తుంది.

కానీ ఉచ్చు ఒకటుంది. తేడా కొద్ది బేసులే. పైగా జెన్‌బ్యాంక్‌లో (బ్లాస్ట్ వెతికే సీక్వెన్సుల డేటాబేస్) 2020కి ముందు పెట్టిన సీక్వెన్సులు చాలావాటికి పాత పేర్లే ఉన్నాయి. మీ ఐసోలేట్ వంద శాతం ఇండోటినియే అయినా బ్లాస్ట్ జాబితాలో మొదట "మెంటాగ్రోఫైటిస్ 100%" అని, దాని కింద "ఇంటర్‌డిజిటేల్ 100%" అని కనిపిస్తాయి. పై పేరు రాసే అలవాటున్న ల్యాబ్ నుంచి మీకు ఆ రిపోర్టులు అందుకే వస్తున్నాయి. టైప్ స్ట్రెయిన్ (ఆ జాతికి పేరు పెట్టిన మూల నమూనా) సీక్వెన్స్‌తో పక్కపక్కన పెట్టి బేసు బేసు చూడాలి.

సందేహాల_సాంబయ్య | మంగళవారం, రాత్రి 9:40

అంటే జెన్‌బ్యాంక్‌ని నమ్మకూడదంటారా? ప్రపంచమంతా దాన్నే వాడుతుంటే!

టెక్సాస్_టెక్ | మంగళవారం, రాత్రి 10:02

నమ్మొచ్చు సాంబయ్య గారూ, కళ్లు మూసుకుని కాదు. అందులో ఎవరైనా పెట్టొచ్చు, పెట్టినవారు రాసిన పేరే ఉంటుంది. 2006లో ఫంగస్ సీక్వెన్సుల మీద వచ్చిన ఒక పరిశీలన, జాతి స్థాయిలో 20% దాకా తప్పు పేరుతో ఉండొచ్చని తేల్చింది. అందుకే మేము జెన్‌బ్యాంక్‌తో పాటు ఐషామ్ ఐటీఎస్ డేటాబేస్ చూస్తాం. మనుషులకు జబ్బు చేసే ఫంగస్‌ల కోసమే 2015లో దాన్ని తెరిచారు. యుట్రెక్ట్‌లోని వెస్టర్‌డైక్ సంస్థ డేటాబేస్ కూడా చూస్తాం. రెండు మూడు చోట్ల ఒకే మాట వస్తేనే పేరు రాస్తాం.

ఇంకో సంగతి. బ్లాస్ట్‌లో శాతం ఒక్కటే చూస్తారు చాలామంది, పక్కనే ఉన్న కవరేజ్ (సీక్వెన్స్‌లో ఎంత భాగం కలిసిందో) చూడరు. 100% పోలిక, కవరేజ్ మాత్రం 28% అని వస్తే అర్థమేంటి? మధ్యలో ఉన్న 5.8ఎస్ ముక్క ఒక్కటే కలిసింది. అది ఫంగస్‌లన్నిటిలో దాదాపు ఒకేలా ఉంటుంది. ఆ పోలికకి విలువ సున్నా.

కంటిల్యాబ్ | బుధవారం, ఉదయం 6:50

కంటి ఆసుపత్రి ల్యాబ్‌లో చేస్తాను. సాంబయ్య గారి "దేనికి" అన్న ప్రశ్నకి మా దగ్గర ఉన్నంత గట్టి జవాబు ఇంకెక్కడా ఉండదేమో.

వరికోతల్లో, మొక్కజొన్న పనిలో కంట్లో ఆకు గీసుకుని పుండుతో వచ్చేవాళ్లు మాకు మామూలే. కార్నియా గీకి కేవోహెచ్ చూస్తే హైఫే. ఎక్కువగా ఫ్యుజేరియం, తర్వాత ఆస్పర్‌జిల్లస్. నాటమైసిన్ మొదలుపెడతారు. ఫ్యుజేరియంకి వొరికొనజోల్ కన్నా నాటమైసినే మెరుగని దక్షిణ భారత ఆసుపత్రుల్లో చేసిన పెద్ద ట్రయల్ 2013లో తేల్చింది.

కొందరిలో మాత్రం హైఫే వెడల్పుగా, అడ్డగోడలు దాదాపు లేకుండా కనిపిస్తాయి. మ్యూకర్ అనిపిస్తుంది. ప్లేటు మీద పెరిగింది గాలిలోకి లేవదు, అగార్‌లోకి కూరుకుపోయి, చదునుగా, రంగులేకుండా ఉంటుంది. స్పోర్లు ఎంత వెతికినా ఉండవు. నాటమైసిన్‌కి తగ్గదు, వొరికొనజోల్‌కి తగ్గదు, చివరికి కార్నియా మార్చినా మళ్లీ వస్తుంది. ఐటీఎస్ చేస్తే తేలింది పిథియం ఇన్సిడియోసమ్. అది అసలు ఫంగసే కాదు. నీటి నాచులకు దగ్గరి చుట్టం, ఊమైసీట్. దాని పొరలో ఎర్గోస్టెరాల్ ఉండదు. మన మందులు చాలావరకు ఎర్గోస్టెరాల్ మీదే పనిచేస్తాయి కాబట్టి ఎంత పోసినా దండగే. లైనెజోలిడ్, అజిత్రోమైసిన్ లాంటి బ్యాక్టీరియా మందులు వాడతారు. హైదరాబాద్ ఎల్‌వీ ప్రసాద్ వాళ్లు 2015లో రాసిన పేపరు ఈ విషయంలో చాలామందికి కళ్లు తెరిపించింది. సీక్వెన్సింగ్‌తో పాటు, గడ్డిపరక మీద పెట్టి జూస్పోర్లు (ఈదే స్పోర్లు) తెప్పించే పద్ధతిని కూడా అందులో చూపించారు.

ఐటీఎస్ ప్రైమర్లు ఊమైసీట్లను కూడా పట్టుకోవడం మన అదృష్టం. ఒక్కసారి ఆ కాలనీ, ఆ హైఫే చూడటం అలవాటైతే సీక్వెన్స్ వచ్చేలోపే ఫోన్ చేసి "పిథియం కావొచ్చు, నాటమైసిన్ మీదే ఆగకండి" అని చెప్పేయొచ్చు.

కోస్తా_మైక్రో | గురువారం, సాయంత్రం 5:25

అప్‌డేట్. 50 డిగ్రీల దగ్గర కంట్రోల్ ఫ్యూమిగేటస్ బాగా పెరిగింది. మాది అసలు లేవలేదు. 37 దగ్గర పెట్టిన అదే సబ్‌కల్చర్ మామూలుగా పెరిగింది, అంటే ఇనాక్యులమ్ బతికే ఉంది. యాంఫోటెరిసిన్ ఎమ్‌ఐసీ 4. వార్డుకి ఫోన్ చేసి ఇంతవరకు చెప్పాను. కాల్‌మోడ్యులిన్ ప్రైమర్లు పక్క కాలేజీలో దొరికాయి, పీసీఆర్ పడింది, సీక్వెన్సింగ్‌కి పంపాం.

ఈలోగా ఐటీఎస్ క్రోమాటోగ్రామ్ (సీక్వెన్స్ పీకుల గ్రాఫ్) మళ్లీ తెరిచి చూస్తే ఇంకో అనుమానం. ఫార్వర్డ్ రీడ్‌లో 40వ బేసు దాకా పీకులు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి, తర్వాత శుభ్రంగా ఉంది. మిశ్రమ కల్చరా?

పీసీఆర్_పిచ్చోడు | గురువారం, సాయంత్రం 6:10

కాదు. మొదటి 30, 40 బేసులు సాంగర్ సీక్వెన్సింగ్‌లో ఎప్పుడూ గజిబిజే, కత్తిరించి పారేయండి. మీరు బ్లాస్ట్‌లో వేసే ముందు కత్తిరించారా? లేకపోతే ఆ గజిబిజి మీ పోలిక శాతాన్ని ఊరికే తగ్గించి ఉంటుంది.

మిశ్రమ కల్చర్ అయితే జంట పీకులు చివరిదాకా ఉంటాయి. ఇంకో రకం ఉంది: మధ్య దాకా శుభ్రంగా వచ్చి, ఒకచోట నుంచి హఠాత్తుగా జంట పీకులు మొదలవుతాయి. రివర్స్ రీడ్ అటు నుంచి శుభ్రంగా వచ్చి సరిగ్గా అదే చోట చెడుతుంది. అది కలుషితం కాదు. ఐటీఎస్ కాపీలలో కొన్నిట్లో ఒక బేసు ఎక్కువో తక్కువో ఉండటం వల్ల వచ్చేది. రెండు వైపులా చదివించమనేది ఇందుకే. ఒక వైపే చదివించి రెండు వందలు మిగుల్చుకుంటే ఇక్కడ దొరికిపోతారు.

సందేహాల_సాంబయ్య | గురువారం, రాత్రి 8:00

సరే, కొంత ఒప్పుకుంటున్నాను. స్పోర్లు వేయనివి, ఎమ్‌ఐసీ తేడాగా వచ్చినవి, మందుకి తగ్గని తామర. ఇంతవరకైతే నెలకి మూడో నాలుగో వస్తాయి, కలిపి ఒకేసారి పంపొచ్చు.

స్పోర్లు వేయని తెల్ల బూజుల్ని ఇన్నాళ్లూ "స్టెరైల్ మైసీలియా" అని రాసి పంపేవాళ్లం అందరమూ. వాటిలో ఏముంటాయి?

ప్లేటుచూసేవాడు | గురువారం, రాత్రి 8:35

చాలావరకు పుట్టగొడుగుల జాతివి, బెసిడియోమైసీట్లు. షైజోఫిల్లమ్ కమ్యూన్ మొదట అనుమానించండి, సైనస్‌లలో, ఊపిరితిత్తుల్లో వస్తుంది. హైఫే మీద క్లాంప్ కనెక్షన్ల (కణాల మధ్య వంకీల్లాంటి అతుకులు) కోసం వెతకండి, కొన్ని ఐసోలేట్లకు అవీ ఉండవు. వీటికి ఐటీఎస్ చక్కగా పనిచేస్తుంది.

కానీ ముందు ఒక ప్రయత్నం చేయండి. అపోఫైసోమైసిస్ లాంటి మ్యూకొరేల్స్ కూడా ఎస్‌డీఏ మీద స్పోర్లు వేయవు. కాలనీ ముక్క కోసి, కొంచెం యీస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ కలిపిన స్టెరైల్ నీళ్లలో వేసి 37 దగ్గర పెడితే ఆకలికి స్పోర్లు వేస్తుంది. మన దేశంలో దెబ్బ తగిలిన చోట, ఇంజెక్షన్ వేసిన చోట వచ్చే మ్యూకర్‌లో ఇది తరచూ కనిపించేదే. వేగంగా పెరిగే తెల్ల బూజు, అడ్డగోడల్లేని హైఫే అయితే సీక్వెన్స్ కోసం కూర్చోకండి. "మ్యూకొరేల్స్" అని ఆ రోజే ఫోన్ చేయండి. మ్యూకర్‌కి వొరికొనజోల్ పనిచేయదు, ఆ మాటే డాక్టర్‌కి ముందు కావాలి.

కొత్తగాచేరా | గురువారం, రాత్రి 9:20

అన్నా, 1:50కి పడింది!! థాంక్యూ. ఇంకోటి అడగొచ్చా? 2021లో బ్లాక్ ఫంగస్ అప్పుడు కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికి రాష్ట్రం నలుమూలల నుంచి వచ్చారు కదా. అలాంటి కేసుల పారఫిన్ బ్లాకులు ఎక్కడైనా ఉంటే వాటి నుంచి జాతి తేల్చొచ్చా?

పీసీఆర్_పిచ్చోడు | గురువారం, రాత్రి 9:48

తేల్చొచ్చు, కానీ ఫార్మాలిన్ డీఎన్‌ఏని ముక్కలు చేసేస్తుంది. మొత్తం ఐటీఎస్ పడదు, ఐటీఎస్2 ఒక్కటే పట్టే ఐటీఎస్3, ఐటీఎస్4 ప్రైమర్లు వాడు. స్లైడులో హైఫే కనిపించిన బ్లాకులే తీసుకో. కనిపించని వాటిలో పీసీఆర్ పడినా అది గాలిలో కొట్టుకొచ్చిన పెనిసిలియమో, కోసిన బ్లేడు మీదిదో చెప్పలేం. బ్లాకు మారినప్పుడల్లా బ్లేడు మార్చమని హిస్టో వాళ్లని బతిమాలుకో. ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా మాత్రం బ్లాకుల జోలికి పోకు.

కోస్తా_మైక్రో | తర్వాతి బుధవారం, సాయంత్రం 4:05

కాల్‌మోడ్యులిన్ వచ్చింది. రెండు రీడ్లూ శుభ్రంగా ఉన్నాయి, కత్తిరించాక పూర్తి కవరేజ్‌తో లెంటులస్ టైప్ స్ట్రెయిన్‌తో 99.8%. ఫ్యూమిగేటస్ చాలా కిందికి పోయింది. ఫ్యూమిగాటియాఫినిస్ కూడా దూరమే. ఖాళీ ట్యూబులో ఏమీ రాలేదు.

రిపోర్టు ఇలా రాశాను, చూడండి:

"బీఏఎల్ కల్చర్: ఆస్పర్‌జిల్లస్ లెంటులస్ (సెక్షన్ ఫ్యూమిగాటి). కాలనీ లక్షణాలు, 50 డిగ్రీల వద్ద పెరగకపోవడం, కాల్‌మోడ్యులిన్ జీన్ సీక్వెన్స్ ఆధారంగా గుర్తింపు. వొరికొనజోల్ ఎమ్‌ఐసీ 4, యాంఫోటెరిసిన్ బీ ఎమ్‌ఐసీ 4. ఈ జాతికి వొరికొనజోల్, యాంఫోటెరిసిన్‌ల ప్రభావం తక్కువగా ఉండవచ్చు."

ప్లేటుచూసేవాడు | తర్వాతి బుధవారం, సాయంత్రం 5:30

బాగుంది. మూడు మార్పులు. ఎమ్‌ఐసీల పక్కన "ఈ జాతికి బ్రేక్‌పాయింట్లు లేవు" అని చేర్చండి, లేకపోతే ఎవరో ఒకరు దాన్ని ఎస్ (సెన్సిటివ్) అనో ఆర్ (రెసిస్టెంట్) అనో చదువుకుంటారు. ఏ డేటాబేస్‌లో, ఏ తేదీన చూశారో రాయండి. రేపు పేర్లు మారితే వెనక్కి చూసుకోవడానికి అది ఉండాలి. ఇక చివరి వాక్యం తర్వాత "చికిత్స గురించి మైక్రోబయాలజీని సంప్రదించండి" అని మీ ఫోన్ నంబరు పెట్టండి. లెంటులస్ అన్న పేరు వార్డులో సగం మంది విని ఉండరు.

ఐసోలేట్‌ని గ్లిసరాల్‌లో దాచి, ఒకటి చండీగఢ్ పీజీఐలోని ఫంగల్ కల్చర్ కలెక్షన్‌కి పంపే ఏర్పాటు చూడండి.

కోస్తా_మైక్రో | తర్వాతి బుధవారం, సాయంత్రం 6:12

మార్చేశాను సార్. వార్డు నుంచి అప్పుడే ఫోన్ వచ్చింది, "ఈ లెంటులస్ అంటే ఏంటి" అని. పొసకొనజోల్, ఎకైనోక్యాండిన్ ఎమ్‌ఐసీలు కూడా అడిగారు, రేపు పెడుతున్నాను.